పీపా పీపాకు వేరు పులుపు

గంజియు బియ్యపు కడుగును పోసి వంటింటి మూల నుంచిన తరవాణి కుండ నెరిగినవారికి, పదార్థము లొక్కటియే యయ్యును ఇంటింటికి పులుపు మారునని వేరుగ చెప్ప నక్కరలేదు. గాలినుండియు, పాత్రనుండియు, చేతులనుండియు వచ్చి చేరిన సూక్ష్మజీవులు ఆ గంజిని పులియబెట్టును. ఏ కుండను ఆశ్రయించిన జీవులు ఆ కుండకు తమ రుచిని ప్రసాదించును. తెల్లవారుజామున తేనెవలె తీయనై, ప్రొద్దెక్కిన కొలది పులిసిపోవు ఈతకల్లునందును జరుగునది యిదియే. బెల్జియము రాజధానియగు బ్రస్సెల్స్ నగరమునందును, దానికి నైరృతి దిక్కున సెన్ అను చిన్న నదికి చేరువనున్న పల్లెలయందును, ఈ స్వయంకిణ్వనమునే నమ్ముకొని బ్రతుకుచున్న బీరు ఒకటి కలదు. దానిని లాంబిక్ అందురు. క్రాఫ్ట్ బీరు అను పేర చిన్న కార్ఖానాలలో తయారగు నానావిధ పానీయములను రుచిచూచి తారతమ్యము నెరుగుట నేడు లోకమున ఒక విద్యగా వృద్ధిపొందినది. ఆ విద్యకు లాంబిక్‌ను మించిన గురువు లేడని నా నమ్మకము.

ఏ బీరునకైనను ముఖ్యద్రవ్యములు నాలుగు: నీరు, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీయగు మాల్టు, చేదు నిచ్చు హాప్స్ అను తీగపువ్వులు, ఈస్టు. మాల్టునుండి దిగిన చక్కెరను తిని ఈస్టు ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును పుట్టించును. మన దేశమున సీసాలలో దొరకు బీరులలో అధికభాగము లాగర్ జాతికి చెందినవి. ఆ జాతిలో బంగారు వన్నె గల పిల్స్‌నర్‌ను 1842లో చెక్ దేశపు పిల్జెన్ నగరమున జోసెఫ్ గ్రోల్ అను బవేరియావాడు తొలిసారి కాచెను. 1883లో కోపెన్‌హాగన్‌నందలి కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే యొక కణమునుండి శుద్ధమైన ఈస్టు సంతతిని పెంచు నుపాయము కనుగొన్న పిమ్మట, అన్యజీవులను చొరనీయకుండుట బీరు తయారీకి మూలధర్మమైనది. వేయి సీసాలు తెరచినను వేయింటను ఒకే రుచి నిలుచుట సామాన్యమైన సాధన కాదు. కాని అట్టి సీసాలను రెంటిని ప్రక్కప్రక్కన నుంచి పోల్చబూనిన నాలుకకు దొరకు పని స్వల్పము.

లాంబిక్ కాచువారు దీనికి విరుద్ధముగ గాలిని ఆహ్వానింతురు. మాల్టుతో పాటు మొలకెత్తని గోధుమలను సుమారు మూడింట నొకవంతు చేర్చి, ఏండ్లు నిలువయుంచుటచే చేదు హరించిపోయిన పాత హాప్స్‌ను వేసి, గంటల తరబడి మరగించి, ఆ వేడి రసమును లోతు తక్కువై వెడల్పెక్కువైన తొట్టిలోనికి వదలుదురు. రాత్రియంతయు చలిగాలి దానిపై వీచును. తెల్లవారునప్పటికి చల్లారిన రసము ఓక్ చెక్క పీపాలను చేరును. ఎండకాలపు గాలిలో చెరుపుచేయు జీవులు ప్రబలును గనుక, అక్టోబరు మొదలు ఏప్రిలు వరకే కాపు సాగుట ఆచారము.

పీపాలో పిదప జరుగు పరిణామము నెంత చెప్పినను తనివి తీరదు. మొదటి వారములలో బాక్టీరియాలు విజృంభించి రోతవాసన పుట్టించును. వాని నడచి సామాన్యమైన బీరు ఈస్టు చక్కెరలో పెద్దపాలు ఆరగించును. నెలలు గడచిన పిమ్మట, మజ్జిగకు పులుపు నిచ్చు లాక్టిక్ ఆమ్లమునే పుట్టించు వేరొక బాక్టీరియా ప్రబలును. అప్పు డొక్కొక్కసారి బీరు జిగటయై తీగసాగును. దానికి జబ్బు చేసినదందురు గాని పారబోయరు, ఓపికపట్టి విడిచిపెట్టుదురు. చివరకు బ్రెట్టనోమైసిస్ అను మందగమనపు ఈస్టు ఆ జిగటను విరిచివేసి, తక్కిన జీవులు తినజాలక విడిచిన చక్కెరలను సయితము తినుచు, ఎండుగడ్డిని, పాతతోలును, గుర్రపు కంబళిని తలపించు వాసనలను కలిగించును. క్లాసెన్ అను డేనిష్ శాస్త్రజ్ఞుడు 1904లో ఇంగ్లండు నిలువ బీరులందలి ఈస్టును గూర్చి ప్రకటించుచు, బ్రిటిష్ శిలీంధ్రమను నర్థమున దానికి ఆ పేరు పెట్టెను. ఇతర కార్ఖానాలలో పగవానివలె వెలివేయబడు ఈ జీవి యిచ్చట ఇంటి పెద్ద.

ఒక యేడు నిండిన లాంబిక్‌లో తీపి యింకను మిగిలియుండును. మూడేండ్లదానిలో తీపి హరించి, పులుపును వగరును గాఢమగును. పీపా చెక్క వాయువును నిలుపజాలదు గనుక రెంటను నురుగు స్వల్పమే. విశేషమేమనగా, ఒకే దినమున కాచి ప్రక్కప్రక్క పీపాలలో పోసిన రసము కూడ ఏడాది తిరుగునప్పటికి రెండు దారులు పట్టును. కావున పీపా వెంట పీపాను రుచిచూచి, ఏ పులుపునకు ఏ తీపి తోడు కావలెనో, ఏ వగరు మరియొక యేడు ఆగవలెనో నిర్ణయించి, ఒకటి, రెండు, మూడేండ్ల లాంబిక్‌లను పాళ్లెరిగి కలుపు నిపుణుడు కావలసియున్నాడు. లేతదానిలో మిగిలిన చక్కెర సీసాలో మరల పులిసి, షాంపేన్‌లోవలె బుడగలను లేపును. ఇట్లు సిద్ధించినది గూజ్. తక్కిన బీరులకు రుచిపరీక్ష తయారీ ముగిసిన పిమ్మట జరుగు విచారణ. గూజ్‌నకు రుచిచూచుటయే తయారీలోని ప్రధానక్రియ. ఆ కారణముచేతనే పీపాలను కలుపు ఆ నిపుణుని నేను ఈ విద్యలో ఆచార్యుడుగ నెంచుదును. చూడగోరువారికి, 1900లో స్థాపితమై 1978నుండి మ్యూజియముగ కూడ నడచుచున్న కాంటియోన్ కార్ఖానా బ్రస్సెల్స్ నగరమున తెరచియున్నది. బెల్జియము బీరు సంస్కృతిని 2016లో యునెస్కో మానవాళి అమూర్తవారసత్వముల పట్టికలో చేర్చినది.

ఇక పోల్చువాడు ఎట్లు పోల్చవలెను? మూడు గ్లాసులు చాలును: ఒకట పిల్స్‌నర్, ఒకట బవేరియా గోధుమ బీరు, ఒకట గూజ్. ఒక్కొక్కటి రెండు మూడు గుక్కలకు మించనక్కరలేదు. తేలికనుండి తీవ్రమునకు పోవలెను. ముందు పులుపు పట్టిన నాలుకకు సున్నితమైన చేదు సరిగ తెలియదు. మంచువలె చల్లారినది వాసన నీయదు. ముఖ్యముగ గూజ్‌ను నేలమాళిగ చల్లదనమున, సుమారు 12 డిగ్రీలకడ త్రాగుట మేలు. మొదట రంగును నురుగును చూచి, వాసన గ్రహించి, పిదప నోట నుంచి మ్రింగవలెను; ద్రాక్షసారాయి పరీక్షకులవలె ఉమ్మివేయుట యిచ్చట వాడుక గాదు, చేదు తడవుగ తేలి తడవు నిలుచునది గదా.

గోధుమ బీరును ముక్కుకడకు తెచ్చిన పండిన అరటిపండును, దానివెంట లవంగమును తోచును. అందు అరటియు లేదు, లవంగమును లేదు. అరటిపండు వాసనకు మూలమైన ఐసోఎమైల్ ఎసిటేట్ అను పదార్థమునే ఆ ఈస్టు స్వయముగ సృష్టించును. ఈ సంగతి నాకు ఎన్నిసార్లు తలచినను ఆశ్చర్యము తగ్గదు. గూజ్‌లో నిమ్మతొక్క, పచ్చి ఆపిలు, చెక్క, గడ్డి ఒకదాని వెనుక నొకటి బయలుపడును. ఇక్కడ తెలుగు నాలుకకు ఒక సదుపాయము కలదు: షడ్రసములలో కషాయమునకు వేరు స్థాన మిచ్చి, మామిడి పిందెలో పులుపేదో వగరేదో బాల్యముననే విడదీసి తెలిసికొన్నవారము; ఓక్ పీపా ఇచ్చు వగరు మన కట్టె దొరకిపోవును. మజ్జిగ పులుపును కాడిపులుసు ఘాటును వేరుపరుప నేర్చినవానికి, లాక్టిక్ ఆమ్లపు మార్దవమును ఎసిటిక్ ఆమ్లపు కరకుదనమును గుర్తించుట కష్టము గాదు. రెండవది హద్దు మీరినచో ఆ పీపా చెడినదే.

మూడు గ్లాసులును ముగిసిన వెనుక, మొదటి పిల్స్‌నర్‌ను కొంచెము మిగిల్చియుంచి మరల ఒక్క గుక్క పుచ్చుకొనవలెను. తొలుత చేదుగ, పొడిగ తోచిన ఆ బీరే, ఉసిరికాయ నమలి త్రాగిన మంచినీళ్లవలె, ఈసారి తియ్యగ నుండును.