వేసవి సెలవులు: షెడ్డులో పట్టుపురుగులు.. చేతిలో సప్లిమెంటరీ పుస్తకం.. రెండూ బ్యాలెన్స్ చేసేదెలా?

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే చాలు.. టౌన్లలో సమ్మర్ క్యాంపుల హడావుడి మొదలవుతుంది. స్విమ్మింగ్, డ్యాన్స్, డ్రాయింగ్ క్లాసులకు పిల్లలు క్యూ కడతారు. కానీ శ్రీసత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల పల్లెల్లో సీన్ వేరు. ఇక్కడ సెలవులంటే ఇంట్లో పనికి ఇంకో రెండు చేతులు దొరికినట్టే. మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు, చింతపండు కొట్టే పని, ధర్మవరం వైపు అయితే మగ్గం దగ్గర కండెలు చుట్టే పని.. ఏదో ఒకటి ఉండనే ఉంటుంది.

ఇందులో తప్పేం లేదు. ఇంటి పని నేర్చుకోవడం మంచిదే. అసలు చిక్కు ఎక్కడంటే.. అదే టైమ్‌లో పరీక్షలు కూడా ఉంటాయి. టెన్త్‌లోనో, ఇంటర్‌లోనో ఒక సబ్జెక్ట్ పోయిన విద్యార్థికి ఈ నలభై రోజులే ఏడాది మొత్తాన్ని డిసైడ్ చేస్తాయి. మరి పని, చదువు, ఆట.. మూడింటినీ ఎలా నెట్టుకురావాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

టైమ్ ఎంత ఉంటుంది?

2025 లెక్కే తీసుకుందాం. ఏపీలో ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న వచ్చాయి. సప్లిమెంటరీ పరీక్షలు మే 12న మొదలయ్యాయి. అంటే సరిగ్గా 30 రోజులు. టెన్త్ ఫలితాలు ఏప్రిల్ 23న వస్తే, సప్లిమెంటరీ మే 19న మొదలైంది. అంటే 26 రోజులు. ఈఏపీసెట్ కూడా ఆ ఏడాది మే 19 నుంచి 27 వరకు జరిగింది. ఇంజనీరింగ్ స్ట్రీమ్‌లో 160 ప్రశ్నలు, 3 గంటల టైమ్. పైగా ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ.

తేదీలు ఏటా కొంచెం అటూ ఇటూ మారొచ్చు. కానీ ఫలితాలకీ సప్లిమెంటరీకీ మధ్య దొరికేది దాదాపు ఒక నెలే. ఆ నెలలో పోయిన సబ్జెక్ట్ గట్టెక్కితే అదే ఏడాది పైచదువులో చేరొచ్చు. లేదంటే ఏడాది పోతుంది. చాలామంది విషయంలో చదువే ఆగిపోతుంది. ఒకసారి కూలి డబ్బు చేతికి అలవాటు పడ్డాక మళ్లీ పుస్తకం పట్టడం అంత ఈజీ కాదు మరి.

పట్టు పంటే టైమ్ టేబుల్ చెబుతుంది

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ ఈ ప్రాంత రైతులకు ప్రాణం లాంటిది. అందుకే చెన్నేకొత్తపల్లి నుంచి పెనుకొండ దాకా ఎన్నో ఇళ్లలో పట్టుపురుగుల పెంపకం ఉంది. ఈ పనికి ఒక ప్రత్యేకత ఉంది. రోజూ ఒకే బరువు ఉండదు. అది అర్థమైతే చదువు ప్లాన్ సగం తయారైనట్టే.

చాకీ కేంద్రం నుంచి తెచ్చే పురుగులు సాధారణంగా రెండో జ్వరం దాటి ఉంటాయి. జ్వరం అంటే పురుగు పొర విడిచే దశ. అక్కడి నుంచి గూడు కట్టే దాకా సుమారు 17, 18 రోజులు. ఇందులో మొదటి పది రోజులు పురుగు చిన్నది, మేత తక్కువ. నాలుగో జ్వరం దాటాక అసలు పని మొదలవుతుంది. పురుగు జీవితం మొత్తంలో తినే ఆకులో దాదాపు 80 శాతం పైగా చివరి ఏడెనిమిది రోజుల్లోనే తింటుంది. ఆ వారం ఇంట్లో ఎవరికీ నిద్ర సరిగా ఉండదు.

కాబట్టి విద్యార్థి ప్లాన్ ఇలా ఉండొచ్చు.

మొదటి పది రోజులు: కష్టమైన చాప్టర్లన్నీ ఇప్పుడే. రోజుకు 5, 6 గంటలు చదువుకు దొరుకుతాయి. మేత వేసే పనికి ఉదయం గంట, సాయంత్రం గంట ఇస్తే సరిపోతుంది.

జ్వరం రోజులు: పురుగులు మేత ముట్టవు. దాదాపు ఒక రోజంతా పని తక్కువ. ఆ రోజు పాత ప్రశ్నపత్రం ఒకటి తీసి, గడియారం పెట్టుకుని పూర్తిగా రాయాలి.

చివరి వారం: కొత్త పాఠం జోలికి పోవద్దు. తెల్లవారుజామున గంట, గంటన్నర రివిజన్ చాలు. మిగతా టైమ్ ఇంటికి.

గూడు కట్టే రోజులు: పురుగులను చంద్రికల మీదకు ఎక్కించాక ఒత్తిడి తగ్గుతుంది. గూళ్లు విడిపించే దాకా దొరికే నాలుగైదు రోజులు మళ్లీ చదువుకే.

ఇక్కడే తల్లిదండ్రులు ఒక్క విషయం చూసుకోవాలి. చాకీ పురుగులు ఎప్పుడు తేవాలి అన్నది. ఉదాహరణకు పరీక్ష మే 12న ఉందనుకుందాం. ఏప్రిల్ 15కి పురుగులు తెస్తే మే మొదటి వారానికి పని తేలిపోతుంది. అదే ఏప్రిల్ 25కి తెస్తే? చివరి వారం మేత, పరీక్షకు ముందు వారం.. రెండూ ఒకేసారి నెత్తిన పడతాయి. పది రోజుల తేడా పంటకు పెద్దగా లెక్క కాకపోవచ్చు. పిల్లాడికి మాత్రం ఏడాది లెక్క.

ఇంకో జాగ్రత్త. షెడ్డు శుభ్రం చేయడానికి వాడే ఫార్మాలిన్, బ్లీచింగ్ పౌడర్ పనులు పిల్లలకు అస్సలు అప్పగించొద్దు. అది పెద్దవాళ్లే చూసుకోవాలి.

చేతులు పనిలో.. బుర్ర పాఠంలో

చింతపండు గింజ తీయడం, కండెలు చుట్టడం లాంటివి కూర్చుని చేసే పనులు. ఒకసారి చేయి తిరిగాక పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఈ టైమ్‌ని కూడా వాడుకోవచ్చు. ఉదయం చదివిన పాఠాన్ని పుస్తకం చూడకుండా, పక్కన ఉన్న చెల్లికో, అవ్వకో చెప్పినట్టుగా పైకి చెప్పుకోవడమే.

ఇదేదో టైమ్ పాస్ చిట్కా కాదు. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఒక గ్రూపు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివింది. ఇంకో గ్రూపు ఒకసారి చదివి, తర్వాత చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. కానీ వారం తర్వాత సీన్ రివర్స్. మళ్లీ చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంటే, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. పరీక్ష ఐదు నిమిషాల్లో ఉండదు కదా, వారాల తర్వాతే ఉంటుంది!

బయట పనికి వెళ్తే.. రూల్స్ ఏంటి?

సెలవుల్లో హైవే పక్కన హోటళ్లు, షాపుల్లో పనికి వెళ్లేవాళ్లూ ఉంటారు. బాల, కౌమార కార్మిక చట్టానికి 2016లో మార్పులు చేశారు. దాని ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. బడి అయ్యాకో, సెలవుల్లోనో సొంత కుటుంబానికి ప్రమాదం లేని పనిలో సాయం చేయడానికి మినహాయింపు ఉంది.

14 నుంచి 18 ఏళ్ల మధ్య వాళ్లను గనులు, పేలుడు పదార్థాల లాంటి ప్రమాదకర పనుల్లో పెట్టుకోకూడదు. మిగతా చోట్ల కూడా లిమిట్స్ ఉన్నాయి. విశ్రాంతి టైమ్‌తో కలిపి రోజుకు 6 గంటలు దాటకూడదు. 3 గంటలు పని చేశాక కనీసం గంట విరామం ఇవ్వాలి. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని చేయించకూడదు. ఓవర్‌టైమ్ ఉండకూడదు. వారానికి ఒకరోజు సెలవు తప్పనిసరి. ఉపాధి హామీ పనికైతే 18 ఏళ్లు నిండాల్సిందే. ఎక్కడైనా పిల్లలతో బలవంతంగా పని చేయిస్తుంటే 1098కి ఫోన్ చేయొచ్చు.

పనికి ఒప్పుకునే ముందే పరీక్ష తేదీలు యజమానికి చెప్పేయాలి. కనీసం పది రోజుల ముందు మానేస్తామని మాట తీసుకోవాలి. "రేపటి నుంచి రాలేను అన్నా" అని చివరి నిమిషంలో చెబితే కూలి ఆగే ఛాన్స్ కూడా ఉంటుంది.

మరి ఆట సంగతి?

పని, చదువు లెక్కల్లో ముందు కోత పడేది దీనికే. కానీ ఆట లేకుండా నెల రోజులు ఎవరూ నిలబడలేరు. సాయంత్రం ఐదున్నర తర్వాత గంటసేపు క్రికెట్ ఆడితే చదువేం పాడు కాదు. పాడు చేసేది రాత్రి మొబైల్. రాత్రి ఏడున్నరకు మొదలైన ఐపీఎల్ మ్యాచ్ అయ్యేసరికి పదకొండు దాటుతుంది. ఆ తర్వాత హైలైట్స్, రీల్స్.. చూస్తుండగానే ఒంటిగంట! 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతున్నారు. తెల్లవారుజామున మల్బరీ కొమ్మలు కోయడానికి లేవాల్సిన పిల్లాడికి అది ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఒక మ్యాచ్‌లో ఒక ఇన్నింగ్స్ అని ముందే ఫిక్స్ అయితే బెటర్.

ఈతకు వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్త. ప్లాస్టిక్ షీట్ పరిచిన ఫారం పాండ్‌లో దిగితే కాలు జారుతుంది, పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. ఈత వచ్చినవాళ్లకు కూడా అది ప్రమాదమే. పెద్దవాళ్లు తోడు లేకుండా బావి దగ్గరకు, చెరువు దగ్గరకు వెళ్లొద్దు. మధ్యాహ్నం 11 నుంచి 4 వరకు ఎండలో పనీ వద్దు, ఆటా వద్దు. ఆ టైమ్ నీడపట్టున చదువుకు, కాసేపు కునుకుకు సరిగ్గా సరిపోతుంది.

చివరగా ఒక మాట

ఈ బ్యాలెన్స్ విద్యార్థి ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఇంట్లో క్యాలెండర్ మీద పంట తేదీలు రాసుకునే నాన్న, పక్కనే పరీక్ష తేదీలు కూడా రాస్తే చాలు. చివరి వారం మేతకు ఇంకో కూలి మనిషిని పెట్టుకోవాల్సి రావొచ్చు. ఖర్చే, కాదనలేం. కానీ ఈ పంట బాగా రాకపోతే రెండు నెలల్లో ఇంకో పంట చేతికి వస్తుంది. తప్పిన పరీక్షకు మాత్రం ఏడాది ఆగాలి.