పేగుకు తొడుగు వేస్తే నెత్తుట్లో కొవ్వు తగ్గుతుందా?

ఆపరేషన్ లేకుండా పేగులో ఏదో గొట్టం పెట్టి బరువు, షుగర్ తగ్గిస్తారటగా, అది వేయించుకుంటే కొలెస్ట్రాల్ మాత్ర మానేయొచ్చా? గుడివాడ, బందరు వైపు వినిపించే ప్రశ్నే ఇది.

అలాంటి పరికరం ఉన్నమాట నిజం. పేరు ఎండోబ్యారియర్. సుమారు 60 సెంటీమీటర్ల పల్చటి ప్లాస్టిక్ తొడుగు. ఎండోస్కోపీతో నోటి గుండా దించి, జీర్ణాశయం దాటగానే చిన్నపేగు మొదట్లో కొక్కేలతో బిగిస్తారు. ఏడాదిలోపు తీసేయాలి. తిన్నది తొడుగు లోపలి నుంచి పోతుంది, పైత్యరసం, క్లోమరసం బయటి నుంచి జారతాయి. రెండూ కలిసేది తొడుగు అంచు దాటాకే. ఆ రసాలు తగిలితే గానీ కొవ్వు అరగదు కనుక అరుగుదల అంతా కిందికి జరుగుతుంది. పేగులోని హార్మోన్లు మారి తిండి కూడా తగ్గుతుంది.

అందుకే మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ కొంత దిగినట్టు పరిశోధనల్లో తేలింది. ట్రైగ్లిజరైడ్ల విషయంలో ఫలితాలు అంత నికరంగా లేవు. మనం చూసుకోవాల్సింది వాటినే. రెండు పూటలా పాలిష్ బియ్యపు అన్నం, మీద ఓ బందరు లడ్డు తింటే, మిగిలిన పిండినీ చక్కెరనూ కాలేయం ట్రైగ్లిజరైడ్లుగా మారుస్తుంది. తొడుగు దాటాక ఇంకా మీటర్ల కొద్దీ పేగు ఉంది, అన్నం అక్కడ తీరిగ్గా అరుగుతుంది.

మరి పోషకాలు? కాలువకు సిమెంటు లైనింగు వేస్తే నీళ్లు శివారుకు చేరతాయి గానీ గట్టు పక్క నేలకు ఊట అందదు. ఈ సంగతి దివిసీమ రైతుకు ఒకరు చెప్పాలా! ఐరన్‌ను ఎక్కువగా పీల్చుకునేది సరిగ్గా తొడుగు కప్పేసిన చోటే. కాల్షియాన్ని పేగు చురుగ్గా పీల్చుకునేది, ఫోలిక్ ఆమ్లం ఎక్కువగా ఇంకేది కూడా పైభాగంలోనే. (ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. పేగు పోషకాలను పీల్చుకోలేని స్ప్రూ జబ్బు ఆయన సోదరులను బలితీసుకుంది.) బీ12 ఇంకేది చిన్నపేగు చిట్టచివర, తొడుగు అక్కడిదాకా పోదు.

అమెరికాలో దీని పెద్ద ప్రయోగాన్ని కొందరికి కాలేయంలో చీము గడ్డలు రావడంతో 2015లో ఆపేశారు. 2017లో ఐరోపా అనుమతీ పోయింది. కాబట్టి కొలెస్ట్రాల్ కోసమే దీని వెంటపడటం నాకు దండగనిపిస్తుంది. ఇలాంటిది ఏదైనా వేయిస్తామని ఎవరైనా అంటే, ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది) పరీక్షలు చేయించమనండి. రక్తం తక్కువున్న ఆడవాళ్లయితే మరీను.