పాడినవన్నీ చేసినవేనా?

యస్వీ రంగారావు ‘నర్తనశాల’లో కీచకుడి వేషం కట్టారు. మర్నాడు ఆయన్ను ఎవరూ పోలీస్ స్టేషన్‌కు పిలవలేదు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ విసిరితే ఊళ్ళకు ఊళ్ళు మురిసిపోయాయి గాని, ఓటర్ల జాబితాలో పేరు మార్చుకొమ్మని ఎవరూ అనలేదు. వేషం వేరు, మనిషి వేరని మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ర్యాప్ పాట మొదలవగానే మాత్రం ఆ తెలివిని చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలేస్తాం.

అపోహ: ర్యాపర్లు చేసిందే పాడతారు. వాళ్ళ పాటంటే నేరాన్ని ఒప్పుకున్నట్టే.

వాస్తవం: అరుగు మీద కబుర్లలో ఇలా అనుకుంటే నష్టం లేదు. అమెరికా కోర్టుల్లో మాత్రం ఈ నమ్మకం మనుషుల్ని జైలుకు పంపింది.

న్యూ ఆర్లియన్స్ ర్యాపర్ మెకిన్లీ ఫిప్స్ సంగతి చూడండి. పాటల్లో అతని పేరు మ్యాక్. 2000లో లూసియానాలోని స్లైడెల్‌లో అతను ప్రదర్శనకు వెళ్ళిన క్లబ్బులో కాల్పులు జరిగి ఒక యువకుడు చనిపోయాడు. మ్యాక్ మీద పాత కేసుల్లేవు. కాల్చింది తానేనని మరొకడు ముందుకొచ్చి చెప్పాడు కూడా. అయినా ప్రాసిక్యూటర్ రెండు వేర్వేరు పాటల్లోంచి ముక్కలు కోసి, ఒక్క పాటలా అతికించి జ్యూరీకి వినిపించాడు. అందులో ఒక ముక్క, వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చిన తండ్రి గురించి మ్యాక్ రాసుకున్నది! 30 ఏళ్ళ శిక్ష పడింది. గవర్నర్ దయతలచాక, 2021లో గాని బయటికి రాలేదు.

న్యూజెర్సీలో వాంటే స్కినర్ మీద పెట్టిన కాల్పుల కేసు ఇంకో వింత. జ్యూరీకి 13 పేజీల పాటలు చదివి వినిపించారు. వాటిలో కొన్ని కాల్పులకు ఏళ్ళ ముందు రాసినవి. జరగబోయే నేరాన్ని అంత ముందుగా పాట కట్టాడంటే అతను ర్యాపర్ కాదు, వీరబ్రహ్మంగారు! ఆ శిక్ష చెల్లదని 2014లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. షెరీఫ్‌ను కాల్చానని పాడిన బాబ్ మార్లేని హంతకుడు అనుకోం కదా అని గుర్తు కూడా చేసింది.

అన్ని పాటలకూ ఇదే కొలత వాడితే సర్దుకోవచ్చు. వాడరు. 1990ల్లో క్యారీ ఫ్రైడ్ అనే పరిశోధకురాలు, పోలీసును చంపినవాడి కథ చెప్పే ఒక పాత జానపద పాటను తీసుకుంది. కొందరికి కంట్రీ పాటని, కొందరికి ర్యాప్ అని చెప్పి చదవమంది. ఒక్క అక్షరం మారలేదు. ర్యాప్ అనుకున్నవాళ్ళకే అది మరీ ప్రమాదకరంగా కనిపించింది. 2016లో కాలిఫోర్నియా పరిశోధకులు మళ్ళీ చేసి చూసినా అంతే. వాళ్ళను భయపెట్టింది పాట కాదు, దానికి తగిలించిన పేరు.

ఇది పాత గొడవ కూడా కాదు. అట్లాంటాలో 2022లో ర్యాపర్ యంగ్ థగ్ మీద పెట్టిన కేసులో పాటల పంక్తులు నేరుగా నేరారోపణ పత్రంలోకే ఎక్కాయి. అదే ఏడాది కాలిఫోర్నియా మాత్రం చట్టం చేసింది: పాటను సాక్ష్యంగా తేవాలంటే, ముందు జ్యూరీ లేనప్పుడు జడ్జి దాని మంచిచెడ్డలు తూచాలి.

ఇక ఒప్పుకోక తప్పని మాట ఒకటుంది. ఈ అపోహను ఊరంతా అమ్మింది ర్యాపర్లే. ‘నేను పాడేదంతా నిజం’ అన్నదే వాళ్ళ కొట్టు బోర్డు. మత్తుమందుల సామ్రాట్టులా పాడిన రిక్ రాస్ ఒకప్పుడు ఫ్లోరిడా జైల్లో గార్డుగా జీతం తీసుకున్నాడని 2008లో బయటపడింది. పెట్టుకున్న పేరు కూడా ఓ అసలు స్మగ్లర్‌ది. మరుసటి ఏడాది అతని ఆల్బమ్ అమ్మకాల్లో మొదటి స్థానానికి వెళ్ళింది! చేసి మరీ పాడినవాళ్ళూ లేకపోలేదు. టెక్సాస్ కుర్రాడు టే-కే పరారీలో ఉండి ఆ పరారీ మీదే పాట కట్టాడు. 2019లో హత్య కేసులో 55 ఏళ్ళ శిక్ష పడింది. సరే, పాటలో నిజం ఉండొచ్చు. ఉందో లేదో తేల్చాల్సింది పాట కాదు, బయటి ఆధారం.

చిల్లర అపోహలకు ఇంత ఓపిక అక్కర్లేదు.

తొలినాళ్ళలో ఎవరి పాట వాళ్ళే రాసుకునేవారట. 1979 నాటి తొలి పెద్ద హిట్ ‘ర్యాపర్స్ డిలైట్’లో బిగ్ బ్యాంక్ హ్యాంక్ పాడింది గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ రాతలే, అవతలివాడి పేరు కూడా తీసేయకుండా పాడేశాడు.

వీధిలో పెరిగినవాడిదే అసలు ర్యాప్ అట. టూపాక్ బాల్టిమోర్ కళల పాఠశాలలో నటన, బ్యాలే నేర్చుకున్నాడు.

ఫ్రీస్టైల్ అంటే అంతా ఆశువేనట. పాతతరం వాళ్ళు ఏ విషయానికీ కట్టుబడకుండా రాసుకున్న చరణాలనూ అలాగే పిలిచేవారు.

అసలు అది కళే కాదట. 2018 సంగీతం పులిట్జర్ ర్యాపర్ కెండ్రిక్ లమార్‌ది. పదండి ముందుకు.

నిజాయితీ ఎక్కడుంటుంది మరి? జరిగింది జరిగినట్టు చెప్పడంలో కాదు, చూసింది తన గొంతుతో చెప్పడంలో. తెలుగులో ర్యాప్ కట్టే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు చూడని తుపాకీని పాటలోకి తేకండి. హాస్టల్ మెస్సు, నాన్న కట్టే ఈఎంఐ, వీధి కొళాయి దగ్గర గొడవ, మీ ఊరి యాస చాలు.

అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకూ ఒక మాట. జ్యూరీ పిలుపు మీ ఇంటికీ వస్తుంది. తప్పించుకునే సాకులు వెతక్కుండా వెళ్ళండి. అక్కడ పాట వినిపిస్తే, దాన్ని మనసులోనే పక్కన పెట్టి, మిగిలిన సాక్ష్యం ఎంతో చూడండి. మ్యాక్ కేసులో 12 మంది జ్యూరీలో ఇద్దరు అతన్ని దోషి అనలేదు. అప్పటి లూసియానా చట్టానికి మిగతా పదిమంది సరిపోయారు.