నీటిబొట్టు – టైటానియము

గోల్కొండ ప్రభువుల నాడు వజ్రాల బేరానికి పేరుమోసినది హైదరాబాదులోని కార్వాన్. శుభ్రమైన వజ్రమునకు నీటికంటె కొవ్వు బాగుగా అంటును. టైటానియము అటువంటిది కాదు. 1973లో ఈ నగరముననే ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ తయారుచేయు ఈ లోహముపై గాలి సోకగనే సన్నని ఆక్సైడు పొర కట్టును. దానిపై నీరు చక్కగా పరచుకొనును. కాని గాలిలోని కర్బన పదార్థములు నానాటికి ఆ పొరపై పేరుకొనగా బొట్టు ఉబ్బి నిలుచును. ఎముకలో బిగించు మరకు ఇది చిన్న లోపము కాదు: నెత్తురు తొలుత తాకునది ఆ పైపొరనే.

గట్టి రజను చిమ్మి, ఆమ్లములో ముంచి గరుకు చేసినచో ఎముకకు పట్టు హెచ్చును. అయితే ఆ గరుకుపై కర్బనము చేరెనా, గుంటలలో గాలి చిక్కి నీరు మరింత తొలగును! అతినీలలోహిత కిరణములు సోకించినచో కర్బనము వీడి, బొట్టు మరల పలుచబడును. గాలిలో వదలినచో తిరిగి పాతకథయే. అందుచేతనే కొన్ని మరలను ఉప్పునీటిలో నిలువ చేయుదురు.