మార్న్ నది పెట్టిన పరీక్ష

స్కూబా అనగానే మన కళ్ల ముందు మెదిలేది సముద్రమే. పేరంతా దానికే పోయింది. కానీ నీళ్లలో ఊపిరి అందించే ఆ యంత్రం తప్పులు కొన్ని బయటపడింది మంచినీళ్లలో: నదుల్లో, ఊటల్లో, కొండ సరస్సుల్లో.

1942 చివర్లో పారిస్ జర్మన్ల చేతిలో ఉంది. పెట్రోలుకు కటకట. ఎయిర్ లిక్విడ్ కంపెనీ ఇంజినీరు ఎమిల్ గాన్యా, కార్లను గ్యాసుతో నడిపేందుకు ఒక వాల్వు తయారుచేసి పెట్టుకున్నాడు. ఇంజను ఎంత అడిగితే అంతే గ్యాసు వదలడం దాని పని. నౌకాదళ అధికారి జాక్ ఇవ్ కూస్తో నీళ్లలో ఊపిరి అందించే వాల్వు కోసం వెతుక్కుంటూ ఆయన దగ్గరికే వచ్చాడు. కూస్తో మామగారు ఆ కంపెనీ డైరెక్టర్లలో ఒకరు. ఆవిష్కరణల చరిత్రలో బంధుత్వాల వాటా తక్కువేం కాదు!

ఆలోచన కొత్తదేమీ కాదు. 1860లలోనే రూకేరోల్, డెనేరూజ్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు పీల్చినప్పుడే గాలి వదిలే పరికరం చేశారు. కాకపోతే గాలిని తగినంత ఒత్తిడితో దట్టించి దాచే సిలిండర్లు అప్పట్లో లేవు. అందుకని వాళ్ల పరికరం ఎక్కువగా పైనుంచి వచ్చే గొట్టం మీదే ఆధారపడింది.

చిక్కంతా పీడనంతోనే. 10 మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఒంటి మీద పీడనం రెట్టింపవుతుంది. లోపలికొచ్చే గాలికి కూడా సరిగ్గా అంతే పీడనం ఉండాలి. తక్కువైతే ఛాతీ విచ్చుకోదు. ఈ లెక్క చూసుకునేది ఒక పల్చటి పొర. దానికి ఒకవైపు నీరు, ఇంకోవైపు గాలి. ఊపిరి పీల్చగానే గాలివైపు పీడనం తగ్గుతుంది, నీరు పొరను లోపలికి నెడుతుంది, పొర మీటను నొక్కుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. మన వంటగ్యాసు రెగ్యులేటర్ లోపలా ఇలాంటి పొరే ఉంటుంది. అక్కడ నీటి స్థానంలో స్ప్రింగు, బయటి గాలి.

గాన్యా వాల్వుతో చేసిన ఈ పరికరాన్ని 1943 జనవరిలో కూస్తో వీపుకు కట్టుకుని మార్న్ నదిలో దిగాడు. అడ్డంగా ఈదుతుంటే హాయిగా ఊపిరి ఆడింది. నిలబడితే మాత్రం గాలి వృథాగా బుసబుసా బయటికి పోయింది. తలకిందులైతే పీల్చడమే కష్టమైంది. కూస్తో, గాన్యా ఇద్దరూ ఉసూరుమంటూ కారెక్కారు. కారణం ఆ దారిలోనే తట్టింది. రెగ్యులేటర్ (వాల్వు, పొర ఉన్న భాగం) ఉన్న చోటికీ, వదిలిన గాలి బయటికి పోయే చోటికీ మధ్య ఎడం ఓ 15 సెంటీమీటర్లు. ఆ కాస్త నీటి పీడనం తేడా చాలు, సమతూకం చెడిపోవడానికి. వదిలిన గాలిని రెండో గొట్టంతో వెనక్కి తెచ్చి, రెగ్యులేటర్ పక్కనే విడిచిపెడితే సరిపోయింది. పాత ఫోటోల్లో డైవర్ల మెడకు రెండువైపులా కనిపించే గొట్టాల కథ ఇదే. కీర్తి కూస్తోకు దక్కింది. నన్నడిగితే అందులో సగమైనా గాన్యాది.

1946 ఆగస్టులో ఇంకో పాఠం. ఫ్రాన్స్‌లోని వోక్లూజ్ ఊటలో దిగిన కూస్తో, అతని తోటి డైవర్ డ్యూమాలకు లోతుకు వెళ్లాక మతి తప్పింది. పైన తాడు పట్టుకున్న సహచరుడు సమయానికి లాగబట్టి బతికారు. లోపం రెగ్యులేటర్‌ది కాదు: సిలిండర్లు నింపిన కంప్రెసర్ తన పొగనే తాను పీల్చుకుని, కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా గాలితో కలిపి దట్టించింది.

కొండ సరస్సుల సంగతి వేరు. అక్కడ నీటిపైన గాలి పీడనమే తక్కువ. రక్తంలో కరిగిన నైట్రోజన్, డైవర్ పైకి వచ్చేటప్పుడు మరింత తేలిగ్గా బుడగలు కడుతుంది. ఎంత నెమ్మదిగా పైకి రావాలో చెప్పేందుకు సముద్రమట్టానికి వేసిన పట్టికలు అక్కడ పనికిరావు. జ్యూరిచ్ వైద్యుడు ఆల్బర్ట్ బ్యూల్‌మన్ ఎత్తైన సరస్సులను కూడా లెక్కలోకి తీసుకుని సూత్రాలు కట్టాడు. ఇప్పటి డైవ్ కంప్యూటర్లు చాలావాటిలో నడిచేది ఆయన గణితమే.

సరస్సులో శిక్షణ పొందేవాళ్లకు ఇవన్నీ పాఠాలే. మొదటి నియమం ఊపిరి బిగపట్టకపోవడం: 10 మీటర్ల నుంచి పైకి వచ్చేలోగా బిగపట్టిన గాలి రెట్టింపు చోటు అడుగుతుంది, ఊపిరితిత్తి చిరిగిపోవచ్చు. తర్వాత బరువు. ఉప్పునీటికంటే మంచినీరు 2.5 శాతం దాకా తేలిక, తేల్చే శక్తీ అంతే తక్కువ. విశాఖ ఋషికొండ దగ్గర నేర్చుకున్నవాళ్లు సరస్సులో దిగితే నడుముకు కట్టే సీసంలో రెండు కిలోల దాకా తీసేయాలి. ఇక కాలి రెక్కలు అడుగును తాకాయా, బురద లేచి చెయ్యి కూడా కనిపించదు.

చలిదేశాల సరస్సుల్లో ఇంకో గండం. దట్టించిన గాలి ఒక్కసారిగా విచ్చుకుంటే బాగా చల్లబడుతుంది. సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉన్న నీటిలో రెగ్యులేటర్ లోపల మంచు పట్టి, వాల్వు తెరుచుకుని ఉండిపోతుంది. సిలిండర్ నిమిషాల్లో ఖాళీ. నేటి ఒంటి గొట్టం రకంలో వాల్వు నోటి దగ్గరే ఉంటుంది. ఊపిరిలోని తేమ దాని మీదే పడి గడ్డకడుతుంది. ఈ విషయంలో ఆ పాత రెండు గొట్టాల రకమే నయం. అందుకే ఒంటి గొట్టం వచ్చి ఏళ్లు గడిచినా, మంచు కింద దిగే పరిశోధకులు కొందరు పాతదాన్ని చాలాకాలం వదల్లేదు.