పెరటిలోని పంచాంగము

పక్షులను పరిశీలించుట యనగానే మనలో పలువురకు కొల్లేరో, నేలపట్టో, పులికాట్ సరస్సో స్మృతికి వచ్చును. మెడలో దుర్భిణి, చేతిలో లావుపాటి ఇంగ్లీషు గ్రంథము, ఆపై ప్రయాణపు ఖర్చు కూడ స్మృతికి వచ్చును. అందుచే ఆ పని మనది కాదని ఊరకుందుము. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది వేరు. ఇంటిముందొక వేపచెట్టు, దొడ్డిలో మునగచెట్టు, మేడమీద దుస్తు లారవేయు తీగ, వీధిలో విద్యుత్తు స్తంభము, ఇవి యున్న గృహస్థునకు సంవత్సరము పొడవున చూడదగిన పక్షులకు లోటు లేదు. అయితే ఒక నియమము కలదు. చూచినదానిని తేదీతో వ్రాసి యుంచవలెను. వ్రాయనిచో చూచుట సగమే యగును. ఎందులకో కోయిల విషయమున మాకు బోధపడినది.

కోయిల వసంతమున వచ్చుననియు, వసంతము గడచినంతనే వెడలిపోవుననియు చిన్ననాటినుండి వినియున్నాము. మా యింటి ఎదుట రావిచెట్టు కలదు. ఒక యేట పుష్యమాసమున, కోయిల కూత ఎక్కడను వినబడని దినములలో, ఆ చెట్టు పండ్లకై వచ్చు పిట్టలను లెక్కింప దలచి, ఉదయమున పావుగంట వీధి అరుగుపై కూర్చుండుట అలవాటు చేసికొంటిమి. ఆకుల మాటున నల్లని దేహము, ఎఱ్ఱని కన్నులు, పొడవైన తోక గల పక్షి యొకటి మెదలుచుండెను. దానికి కొంచెము దూరమున గోధుమవన్నె దేహముపై తెల్లని చుక్కలును చారలును గల పక్షి వేరొకటి యుండెను. ఇవి వేర్వేరు జాతులని వ్రాసికొంటిమి. అది పొరపాటని నెల దినములకుగాని తెలియలేదు. నల్లనిది మగకోయిల, చుక్కలది ఆడుకోయిల. చలికాలమున కోయిల ఎచటికిని పోదు. మన యింటి ఎదుటనే, నోరు విప్పక, పండ్లు తినుచు కాలము గడుపును. మనము చెవితో మాత్రమే దాని నెఱుగుదుము గనుక, కూత లేనిచో పక్షియే లేదనుకొందుము.

మరియొక సంగతి. "కూహూ" యని దీర్ఘముగా కూయునది మగకోయిల. ఆడుదాని గొంతు "కిక్ కిక్" మని తునకలు తునకలుగా నుండును. గాయనీమణులను కోకిలలని పరిచయము చేయుట మా వృత్తిలో చిరకాలముగా నున్న ఆచారము. ఈ సంగతి తెలిసిన నాటినుండి ఆ మాట పలుకుటకు మేము కొంచెము సంకోచించుచున్నాము.

చైత్ర వైశాఖములలో కాకులు గూళ్లు కట్టును. పట్టణములలో పుల్లలతో పాటు ఇనుపతీగ ముక్కలను కూడ ఏరుకొనిపోవుట సామాన్యము. కోయిల కూత హెచ్చుటయు నప్పుడే. అది తనకై గూడు కట్టదు. ఆడుకోయిల కాకిగూటిలో గ్రుడ్డు పెట్టును. ఆ గ్రుడ్డు కాకిగ్రుడ్డుకన్న చిన్నది, పిల్లయగుటయు ముందే. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. పరభృతమను పేరు సంస్కృతమున ఏనాటినుండియో కలదు. కాని కన్నులార చూచినవా రెందరు? జ్యేష్ఠ ఆషాఢములలో, వీధిచెట్టుపై కాకి యొకటి తన పోలిక లేని పిల్ల నోటిలో మేత పెట్టుచున్న దృశ్యమునకై ఎదురుచూడుడు. ఆ పిల్ల అరపు కాకిపిల్ల అరపు వలె నుండదు. దానిని బట్టి గుర్తింపవచ్చును. మా పుస్తకమున ఈ దృశ్యము మూడేండ్లలో రెండుసార్లు మాత్రమే నమోదయినది.

వేసవి నడిమి దినములలో చూచుటకన్న వినుట సులభము. తెల్లవారుజామున నాలుగున్నరకు వేపచెట్టుపైనుండి మొదట పలుకునది పసులపోలిగాడు. ఇది నల్లని పిట్ట, చీలిక తోకది. పశువుల వీపులపై నెక్కి తిరుగుట చూచి మన పల్లెవారు దాని కా పేరు పెట్టిరి. ఆ తరువాత పిగిలిపిట్ట, గోరువంక, చివరకు కాకి. వారము దినములు మంచముమీదనుండియే ఈ క్రమమును వ్రాసికొని చూడుడు. దుర్భిణితో పని లేదు. రాత్రివేళ పొలముల మీదుగా వినబడు తీతువు అరపును మనవా రపశకున మందురు. ఆ పక్షి బెదరినది గనుక అరచును, అంతకన్న వేరేమియు లేదు. బట్టనేలపై, గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టును గనుక దానికి బెదరు ఎక్కువ. ఎండలు తీవ్రమయిన దినములలో నీటిలో పొట్టఈకలు తడుపుకొని వచ్చి గ్రుడ్లను చల్లబరచుటను పరిశీలకులు వర్ణించియున్నారు.

మునగపూతకు, మందారములకు, నూరువరహాలకు వచ్చు తేనెపిట్టను ఎఱుగనివారు లేరు. అయితే ఒకే మగపిట్టను ఏడాదిలో రెండు వేషములలో చూచియు రెండు పిట్టలని భావించువారు కలరు. సంతానకాలమున మగది నల్లగా నుండి, ఎండ తగిలినప్పుడు ఊదా నీలి వన్నెలతో మెఱయును. ఆ కాలము గడచిన పిమ్మట ఆ ఈకలు రాలి, ఆడుదాని వలె పసిమివన్నెకు వచ్చును. గొంతునుండి పొట్టవరకు నల్లని గీత యొకటి మాత్రము మిగులును. సాలెగూటిదారముతో నాచు, బెరడు ముక్కలను అంటించి, వసారాలో వ్రేలాడు తీగకే గూడు కట్టుటకు ఆడుతేనెపిట్ట వెనుదీయదు. అట్లు కట్టినచో పిల్లలు ఎగిరిపోవువరకు ఆ తీగపై దుస్తు లారవేయకుండుట మేలు.

మృగశిర కార్తె ప్రవేశించి వానలు పడినంతనే చూడవలసినది గిజిగాడు. తాటిచెట్టుకో, నూతిమీదికి వాలిన తుమ్మకో వ్రేలాడు దాని గూళ్లను చూడనివారు మన దేశమున నుండరు. చూచితిమి గనుకనే దానిని పరిశీలింపలేదేమో యని మాకు తోచును. ఆ పని చేసిన మహనీయుడు సలీం అలీ. ఆయన 1896లో జన్మించి 1987లో దివంగతుడయ్యెను. ఉద్యోగము లేని దినములలో బొంబాయి సమీపమునగల కిహిమ్ అను సముద్రతీరగ్రామమున నివసించుచు, ఇంటికి చేరువలోనే యున్న గిజిగాండ్ర గూళ్లను దినమును గమనించి, తాను చూచిన దానిని 1931లో ప్రకటించెను. గూడు కట్టునది మగపిట్ట. వరి ఆకులను, గడ్డిని, తాటాకును సన్నని పోగులుగా చీల్చి అల్లును. గూడు శిరస్త్రాణము ఆకారమునకు వచ్చిన తరుణమున ఆడుపిట్టలు వచ్చి పరీక్షించును. ఒకతె అంగీకరించిన యెడల మగది తక్కిన భాగమును, దిగువకు వ్రేలాడు గొట్టమును పూర్తిచేయును. ఆమె గ్రుడ్లపై కూర్చుండగా తాను మరియొక గూటికి పునాది వేసి, మరియొక ఆడుదానిని పిలుచును. ఎవతెయు అంగీకరింపని గూడు సగములోనే నిలిచిపోవును. మన తాటిచెట్లపై కానవచ్చు సగము గూళ్ల రహస్య మిదియే. గూటిలోని బురదముద్దలలో మిణుగురులను గ్రుచ్చి గిజిగాడు దీపము పెట్టుకొనునని మనవారు చెప్పుకొను కథ అందమైనదే. బురదముద్ద లుండుట నిజము, దీపము మాత్రము కల్పన.

సలీం అలీ అదే 1931లో హైదరాబాదు సంస్థానమున పక్షుల సర్వే ప్రారంభించెను. తెలుగునాట పక్షిజాతుల కది విలువైన చరిత్ర. కాని మేము ఆయనను తలచుకొనునది ప్రధానముగా కిహిమ్ ఇంటి విషయమున. దూరదేశములు తిరిగిన ఆ మేధావికి తొలిపేరు తెచ్చినది ఇంటిముంగిలి పరిశీలనము.

చాతకము వానచినుకు తప్ప త్రాగదను మాట కవిసమయము. గొంగళిపురుగులను తిని బ్రదుకు పక్షి యది. ఆఫ్రికానుండి వానగాలులతో పాటు ఉత్తరభారతమునకు వచ్చును. దక్షిణమున కొన్ని ఏడాది పొడవున నుండును గనుక, ఒక్కదానిని చూచి వానను నిర్ణయింపరాదు.

భాద్రపదము చివరనుండి విద్యుత్తు తీగలను గమనింపుడు. చీలికతోక గల చిన్నపక్షులు బారులు తీరి కూర్చుండును. వీనిని కొన్నిచోట్ల వానకోవెల లందురు. హిమాలయములలోను, అంతకు ఉత్తరమునను వేసవి గడపి చలికాలమునకు మనకడకు వచ్చునవి ఇవి. అవి వచ్చిన తేదీని వ్రాసికొనుటకన్న సులభమైన పని లేదు. ఆ తేదీ చేతిలో నున్నచో మరుసటి యేట కన్ను దానంతటదే తీగవైపు మరలును.

ఇక విజయదశమి. పాలపిట్టను చూచుట శుభమని ఆనాడు మనవారు ఊరిబయటికి పోవుదురు. కూర్చున్నప్పుడు మట్టిరంగుగా నుండు ఆ పక్షి రెక్క విప్పినంతనే నీలములు వెదజల్లును. ఆ నీలము రంగుపదార్థము కాదు. ఈక నిర్మాణము వెలుతురును చెదరగొట్టుటచే కలుగు వన్నె. అది తెలంగాణ రాష్ట్రపక్షి. ఆంధ్రప్రదేశ్‌కును 2018 వరకు అదియే రాష్ట్రపక్షి, ఆ యేట దాని స్థానమున రామచిలుక వచ్చినది. దాని నింతగా గౌరవించు మనమే దానికి కీడు చేయుచున్నామని చెప్పుటకు మాకు బాధగా నున్నది. పండుగకు ముందు పాలపిట్టలను వలవేసి పట్టి, కాళ్లు కట్టియో, పంజరమున నుంచియో వీధివీధిని త్రిప్పి, చూచినవారివద్ద డబ్బు పుచ్చుకొనువారు కలరు. ఆ పక్షులలో పండుగ దాటి బ్రదుకునవి కొన్నియే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇది శిక్షింపదగిన నేరము. ఇట్లు తెచ్చినవానికి ఒక్క రూపాయి యిచ్చిన గృహస్థుడు మరుసటి యేటి వలకు బయానా యిచ్చినట్లే. పొలముగట్టున స్వేచ్ఛగా కూర్చున్నదానిని చూడలేకపోయినచో, చూడలేదని పుస్తకమున వ్రాసికొనుట మంచిది.

ఆ "చూడలేదు" అను వ్రాత వ్యర్థము కాదు. భారతదేశ పక్షుల స్థితిగతులపై 2023లో ఒక నివేదిక వెలువడినది. అది 30,000 మంది పరిశీలకులు చేర్చిన 3 కోట్ల పరిశీలనలపై ఆధారపడినది. వారిలో పలువురు శాస్త్రవేత్తలు కారు, మనవంటి గృహస్థులు, ఉద్యోగులు, విద్యార్థులు. వారి వ్రాతలవలన తేలినదేమన, కోయిల సంఖ్య హెచ్చుచున్నది, పాలపిట్ట సంఖ్య తగ్గుచున్నది. విద్యుత్తు తీగపై పాలపిట్టను అప్పుడప్పుడు చూచు మనకు ఈ తగ్గుదల కంటికి తెలియదు. ఎండిన తాటిమోడు తొఱ్ఱలో అది గూడు పెట్టును గనుక, దొడ్డిచివర నున్న మోడును వెంటనే కొట్టివేయకుండుట మన చేతిలోని పని.

కార్తికమునుండి మాఘము వరకు అతిథుల కాలము. సాయంకాలమున వందలుగా ఒక్కటై మెలికలు తిరుగుచు ఎగురు గులాబివన్నె గోరువంకలు మధ్య ఆసియానుండి వచ్చినవి. జొన్నచేలను దోచుననియు వానికి అపకీర్తి కలదు. బూరుగు, మోదుగు పూచినప్పుడు ఆ చెట్లక్రింద నిలిచి చూడుడు. శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురమువారికి, గుంటూరు చేరువనున్న ఉప్పలపాడువారికి ఇంత శ్రమ లేదు. ఎఱ్ఱకాళ్ల కొంగలును, గూడబాతులును ఊరిలోనే గూళ్లు కట్టును. తేలినీలాపురమువారు వాని రాకను శుభముగా నెంచి కాపాడుచున్నారు. వానిని సైబీరియా పక్షులని పత్రికలు తరచుగా వ్రాయుట మాత్రము పొరపాటు. అవి మన దేశపు పక్షులే. నీటిని, మేతను బట్టి ప్రాంతమునుండి ప్రాంతమునకు మారును. సైబీరియాలో పుట్టిన పక్షి మన చింతచెట్టుపై గూడు కట్టి పిల్లలను పెంచదు.

పిచ్చుక మాట ఎత్తకున్నచో పాఠకులు మమ్ము క్షమింపరు. పెంకుటిండ్ల చూరులలో, గోడకు తగిలించిన పటముల వెనుక అది గూడు పెట్టుటను మనలో పెద్దవారందరును ఎఱుగుదురు. 2020 నాటి నివేదిక దేశము మొత్తముమీద పిచ్చుక సంఖ్య ఇంచుమించు నిలకడగానే యున్నదనియు, పెద్దనగరములలో మాత్రము తగ్గినదనియు చెప్పినది. మన పట్టణములలో ఎప్పుడు తగ్గినది, ఏ వీధిలో మొదట తగ్గినది యని అడిగినచో చెప్పగలవారు లేరు. కార్తెలను, తిథులను పొల్లుపోకుండ గణించిన మన పెద్దలు పిచ్చుకను లెక్కింపలేదు, అది ఎల్లప్పుడు నుండునదే గదా యని. చూరున వరికంకుల కుచ్చులు కట్టు మన ఆచారము మంచిదే. కాని పిచ్చుకపిల్లకు తొలిదినములలో కావలసినది గింజ కాదు, పురుగు. మందు చల్లని పెరటిమొక్కలు నాలుగున్నచో ఆ పురుగు దొరకును.

పుస్తకమున వ్రాయవలసినవి కొన్నియే: తేదీ, వేళ, స్థలము, పక్షి పేరు, ఎన్ని. పేరు తెలియనిచో రంగు, తోక, అరపు వ్రాసినను చాలును. గూటిదగ్గరకు పోరాదు, కొమ్మలను వంచరాదు. ఏటేట ఫిబ్రవరిలో నాలుగు దినములు దేశదేశములందు పెరటిపక్షుల గణన జరుగును. 2013 నుండి భారతదేశము కూడ అందు పాల్గొనుచున్నది. ఒకచోట 15 నిమిషములు నిలిచి, కనబడినవానిని లెక్కించి పంపినచో అదియు లెక్కలోనికి వచ్చును. కాకిని ఏమి వ్రాయుదుమని పలువురు వదలివేయుదురు. వదలరాదు.

మా పుస్తకమున నిన్నటి పుటలో నున్నది ఇది: ఉదయము 6 గంటల 10 నిమిషములు, వీధి అరుగు, కాకులు 14, గోరువంకలు 6, పిగిలిపిట్టలు 2, ఆడుకోయిల 1, పిచ్చుకలు లేవు.