హాలోవీన్ సాయంత్రం అమ్మమ్మ కూడా వెళ్ళవచ్చా?



మన సంఘంలో అనేక కుటుంబాల పిల్లలు అమెరికాలో ఉన్నారు. వారి దగ్గరకు ఆరు నెలలకని వెళ్ళే తల్లిదండ్రులు బి.పి., షుగరు మందులు రాయించుకోవడానికి మా ఓ.పి.కి వస్తుంటారు. ఈమధ్య అలా వచ్చిన ఒక తల్లి మందుల చీటీ చేతిలో పెట్టినా కుర్చీలోంచి లేవలేదు.

"సిస్టరమ్మా, అక్టోబరు 31న మనవరాలు నన్ను కూడా వేషం వేసుకొని ఇంటింటికీ రమ్మంటోంది. అమ్మమ్మ రాకపోతే నేనూ వెళ్ళనని పేచీ. నా మోకాళ్ళు చూస్తే ఇలా ఉన్నాయి. మా ఆయనేమో అది దయ్యాల పండుగ, గడప దాటవద్దంటున్నారు. ఏం చేయమంటారు?" అన్నారు. ఆమెకు 67 ఏళ్ళు. షుగరు ఉంది. ఒక కంటికి శుక్లం ఆపరేషను అయింది, రెండో కంటికి కావలసి ఉంది.

ఇలా అడిగేవారు ఇంకా ఉంటారు కనుక మాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాము.

ఆ సాయంత్రం పిల్లలు రకరకాల వేషాలు వేసుకొని, సంచి పట్టుకొని ఇరుగుపొరుగు ఇళ్ళకు వెళ్ళి "ట్రిక్ ఆర్ ట్రీట్" అంటారు. ఇంటివారు చాక్లెట్లు, క్యాండీలు సంచిలో వేస్తారు. గుమ్మం దీపం వెలుగుతుంటే రమ్మని, ఆర్పి ఉంటే ఆ ఇంటికి వద్దని గుర్తు. మన పల్లెల్లో పూర్వం దసరాకు అయ్యవారు బడి పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికీ తిరిగితే పప్పు బెల్లాలు పెట్టేవారు కదా, ఆ సందడి చూసినవారికి ఇదేమంత వింతగా తోచదు. అక్కడ కూడా పెద్దవారు తమ కోసం సంచి పట్టరు. పిల్లల వెనుక నడుస్తారు, లేదా ఇంటి దగ్గరే కూర్చుని పంచుతారు. కాబట్టి వెళ్ళాలా, గది తలుపు వేసుకోవాలా అని రెండే దారులు లేవు.

మనస్సాక్షి సంగతి ముందుగా చెప్పుకుందాం. హాలోవీన్ అనే పేరు నవంబరు 1న వచ్చే సకల పరిశుద్ధుల దినానికి ముందు సాయంత్రం అనే అర్థంలో వచ్చింది. అందులో ఐర్లండు, స్కాట్లండు దేశాల పాత ఆచారాలు కూడా కలిసి ఉన్నాయి. కొన్ని విశ్వాస కుటుంబాలు ఆ రోజును అసలు పాటించవు. కొన్ని చర్చీలు తమ ఆవరణలోనే కార్ల డిక్కీలు తెరిచి పెట్టి పిల్లలకు మిఠాయిలు పంచుతాయి. 1950లో ఫిలడెల్ఫియా ప్రాంతంలో క్లైడ్ ఆలిసన్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టరు, ఆయన భార్య మేరీ ఎమ్మా కలిసి ఇదే సాయంత్రం పిల్లల చేత యూనిసెఫ్ కోసం డబ్బు పోగు చేయించారు. ఆ పద్ధతి తరువాత దేశమంతా పాకింది. ఏది సరి అని తీర్పు చెప్పడం నర్సుల పని కాదు. ఒక్కటి మాత్రం అడుగుతాము. మీకు ఇష్టం లేకపోతే ఆ మాట కూతురితో, అల్లుడితో వారం ముందే చెప్పండి. వేషం వేసుకొని గుమ్మంలో నిలబడ్డ పిల్ల ముందు ఆ చర్చ పెట్టకండి.

ఇక శరీరం సంగతి. రెండేళ్ళ క్రితం ఒక తల్లి అక్కడ మణికట్టు విరగ్గొట్టుకొని, ప్లేటు వేయించుకొని వచ్చి మా ఫిజియోథెరపీలో నెలరోజులు వ్యాయామం చేశారు. మనవడు తెచ్చిన పొడవాటి గౌను చీర మీదనే తొడుక్కొని, హవాయి చెప్పులతో బయలుదేరారట. మూడో ఇంటి మెట్టు కనబడలేదు. ఆ రోజుల్లో చాలా రాష్ట్రాలలో ఆరు, ఆరున్నరకే చీకటి పడుతుంది. కాలిబాట మీద తడి ఆకులు, గడ్డిలో అలంకరణ దీపాల తీగలు ఉంటాయి. శుక్లం ఉన్న కంటికి కారు లైటు పడగానే ఏమీ కనిపించదు. 1975 నుంచి 2016 వరకు 42 ఏళ్ళ లెక్కలు చూసినప్పుడు, దగ్గరి మామూలు సాయంత్రాల కంటే హాలోవీన్ సాయంత్రం అక్కడ వాహనాల కింద పడి చనిపోయే పాదచారుల సంఖ్య 43 శాతం ఎక్కువని తేలింది.

వెళ్ళాలనుకునేవారు ముందు వారమే అదే వీధిని పగటి పూట నడిచి చూడండి. అరగంట నడిచాక మోకాలు పట్టేస్తే జవాబు మీకే తెలుస్తుంది. మాస్కు వద్దు, నేలను తాకే బట్ట వద్దు. మడమ పట్టి ఉండే బూట్లు, స్వెట్టరు, చేతిలో టార్చి ఉండాలి. వేషం తప్పదంటే నెత్తిన టోపీ చాలు. పిల్లలు పరుగెడితే వెనుక పరుగెత్తవద్దు, ఆ పని వాళ్ళ నాన్న చూసుకుంటాడు. దారిలో బాత్రూము దొరకదు కనుక నీరు పోయే బి.పి. మాత్రలు వాడేవారు ఇంటి నుంచి దూరం పోకూడదు.

షుగరు ఉన్నవారు క్యాండీ తింటామేమోనని భయపడతారు. మాకైతే ఆ పూట భోజనం ఆలస్యమవుతుందేమోనని ఎక్కువ భయం. ఇన్సులిను, గ్లిమిపిరైడ్ వంటి మందులు తీసుకొని, భోజనం ఆపుకొని చలిలో నడిస్తే షుగరు పడిపోతుంది. తినే బయలుదేరండి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తే మూడు టీ చెంచాల గ్లూకోజు గానీ అర గ్లాసు పండ్లరసం గానీ తీసుకొని, 15 నిమిషాలకు మళ్ళీ పరీక్ష చేసుకోవాలి. సంచిలో చాక్లెట్ ఉంది కదా అనుకోవద్దు. అందులోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా రక్తంలోకి వెళుతుంది. ఇక మర్నాటి నుంచి డబ్బాలో మిగిలిన క్యాండీ, అది మీ సంగతి, మీ గ్లూకోమీటరు సంగతి.

పిల్లల ఉద్యోగపు ఇన్సూరెన్సు సాధారణంగా మనకు వర్తించదు. విజిటర్ పాలసీ ఉంటే ఆ కాగితం ఎక్కడ ఉందో, దానిలో పాత జబ్బుల గురించి ఏమి రాశారో ముందే చూసుకోండి.

మా మట్టుకు గుమ్మం దగ్గర కుర్చీ మంచిదనిపిస్తుంది. వచ్చే పిల్లలందరినీ చూడవచ్చు. అయితే బెల్లు మోగినప్పుడల్లా సోఫాలోంచి లేస్తే మోకాళ్ళు పాడవుతాయి, బి.పి. మందులు వాడేవారికి తల తిరుగుతుంది. కుర్చీ గుమ్మంలోనే వేసుకొని, శాలువా కప్పుకొని, గిన్నె ఒడిలో పెట్టుకోండి. పక్కన ఇంటివారు ఒకరు ఉండాలి. ప్రేమతో చేసిన అరిసెలు, పల్లీ ఉండలు మాత్రం పంచవద్దు. సీలు లేనివి అక్కడి తల్లులు పారేస్తారు, పల్లీ పడని పిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది. ఏ గుమ్మంలోనైనా నీలిపచ్చ గుమ్మడికాయ కనిపిస్తే, అక్కడ తినేవి కాక చిన్న బొమ్మలు, స్టిక్కర్లు కూడా ఇస్తారని అర్థం. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవారిని ఆ సాయంత్రం లోపలి గదిలో, తెలిసిన మనిషి తోడుతో ఉంచండి. ముసుగులు చూసి బెదిరిపోతారు.

ఆ తల్లికి మందుల చీటీ వెనుక రాసి ఇచ్చాము: భోజనం ముందు, బూట్లు, వెలుతురు ఉండగానే అదే వైపు నాలుగు ఇళ్ళు, తరువాత కుర్చీ. వెళ్ళేలోగా రెండో కన్ను డాక్టరు గారికి చూపించుకోమన్నాము. చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నారు. ఆయన ఇంకా ఒప్పుకోలేదట.